నీలమడుగు గట్టున టిష్యూ ప్యాకెట్

మా రాష్ట్ర సరస్సుల సంరక్షణ శాఖామాత్యులు శ్రీ సీతారామారావు గారు, లోతైన మంచినీటి సరస్సులను ఎలా కాపాడుకోవాలో స్వయంగా అధ్యయనం చేయడానికి సింగపూర్ విచ్చేస్తున్నారన్న వార్త వినగానే ఇక్కడి తెలుగువాళ్ళమంతా పొంగిపోయాం. సింగపూర్‌లో దేవుడిచ్చిన పెద్ద సరస్సు ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ వాననీళ్ళు పట్టుకోవడానికి మనుషులు కట్టుకున్నవే. సరస్సులున్న దేశాలకు ఎవరైనా వెళ్తారు. లేని చోటికి వచ్చి నేర్చుకోవాలంటే ఎంత పట్టుదల ఉండాలి!

ఈ వార్తను మా అబ్బాయి కృష్ణమూర్తి మా బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో, నేను దోసెలు పోస్తుంటే పొయ్యి పక్కన నిలబడి ఫోన్‌లో చదివి వినిపించాడు. వాడికి సైన్స్ పార్కులో కంప్యూటర్ ఉద్యోగం. సెలవురోజుల్లో తెలుగు సంఘానికి జాయింట్ సెక్రటరీ. ఆఫీసు కబురైతే కూర్చుని చదువుతాడు గాని, సంఘం కబురు ఎప్పుడూ నిలబడే చదువుతాడు.

"'జలమే జాతికి బలమని నమ్మిన దార్శనికులు, అపర భగీరథులు...' అమ్మా, వింటున్నావా? మనిద్దరం రిసెప్షన్ కమిటీ."

"నేనెందుకురా?"

"నువ్వు నీలమడుగులో పుట్టావు కదా. మంత్రిగారు కాపాడబోయేది నీలమడుగునే."

"నానమ్మ ఈజ్ ద ఎగ్జిబిట్ లా," అంది మనవరాలు ప్రణవి, దోసె నముల్తూ. ఇక్కడి వాళ్ళకి మాట చివర లా అని తగిలించకపోతే తోచదు.

ఎగ్జిబిట్ అంటే ఏమిటే అని అడిగాను. మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టి చూపిస్తారే, అదీ అంది. నాకు ఆ మాట గౌరవంగానే అనిపించింది.

నీలమడుగు సంగతి మీకు చెప్పాలి. అది మా ఊరి పేరు, ఊరి పక్కనున్న మడుగు పేరు కూడా. చుట్టూ నల్లరాతి కొండలు, మధ్యలో గిన్నెలో పోసినట్టు నీళ్ళు. ఏ ఏరూ వచ్చి అందులో కలవదు. కొండల కింద నుంచి ఊటలు వస్తాయి, పైనుంచి వాన వస్తుంది, అంతే. మిట్టమధ్యాహ్నం దిగితే భుజాల దగ్గర నీళ్ళు వేణ్ణీళ్ళలా ఉంటాయి, పాదాలు మాత్రం చలికి కొయ్యబారిపోతాయి. చలికాలంలో ఒక్కోనాడు కింది నీళ్ళు పైకీ, పై నీళ్ళు కిందికీ పోయి మడుగు రంగే మారిపోయేది. ఆ పూట మడుగు పక్కకి ఒత్తిగిల్లుతోందని చెప్పి పెద్దవాళ్ళు వలలు వెయ్యనిచ్చేవారు కాదు. నిద్రలో ఉన్న మనిషిని కదపకూడదన్నట్టు గట్టు మీద మాటలు కూడా మెల్లగా మాట్లాడుకునేవాళ్ళం.

దాని అడుగు ఎవరూ చూడలేదు. మా నాన్న ఒకసారి చూద్దామని, మా అమ్మ రుబ్బురోటి పొత్రం నడుముకి గాడి కొట్టి, తాడు కట్టి పడవ మీంచి వదిలాడు. తాడు చాలలేదు. ఊళ్ళో ఉన్న పలుపుతాళ్ళన్నీ తెచ్చి ముడేసుకుంటూ పోయారు. తాళ్ళు అయిపోయాయి గాని పొత్రానికి నేల తగల్లేదు. చివరి ముడి చేతిలోంచి జారిపోయింది. ఊరి ఆవులు ఆ పూటంతా మా పెసరచేలో మేశాయి. మా అమ్మ బతికున్నంత కాలం, పచ్చడి నూరాల్సి వచ్చినప్పుడల్లా, "వెళ్ళండి, మడుగునడిగి పొత్రం పట్టుకురండి," అంటూనే ఉండేది.

ఇప్పటికీ ఊరంతా ఆ నీళ్ళే తాగుతారు. మా తమ్ముడు అప్పయ్య ఇప్పటికీ అందులోనే వల వేస్తాడు. మంత్రిగారు వస్తున్నారని చెబుదామని వాడికి వీడియో కాల్ చేశాను.

"అక్కా, నీకు దండం పెడతాను. ఆ మంత్రికి ఒక్క ముక్క సెప్పు," అన్నాడు. "పడమటి కొండ రాళ్ళ మీద ఎర్రరంగు గుర్తులు పెట్టీసినారు. ఎవులని అడిగితే ఎవులూ సెప్పరు. కొండకి మందెట్టి పేల్చితే ఊట పోద్ది. ఊట పోతే ఇంక మడుగేటి? కొండ జోలికి ఎల్లొద్దని సెప్పు. అంతే, ఇంకేటీ అడగొద్దు."

"చెప్తాన్రా," అన్నాను. ఎదురుగా కూర్చోబెడుతున్నారు, ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు?

మంత్రిగారితో ఇద్దరు వచ్చారు. ఒకరు ఆయన పీఏ ఉదయ్‌కిరణ్. మంత్రిగారు కళ్ళెత్తి దేన్ని చూస్తే దాన్ని ఫోటో తీయడం ఈ అబ్బాయి ఉద్యోగం. రెండో ఆయన పర్యావరణ నిపుణులు వెంకటసుబ్బయ్య గారు. మా జిల్లాలో ఆయనకి రాళ్ళ క్రషర్లున్నాయి. పర్యావరణం గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదట. అది ఎక్కడెక్కడ అడ్డమొస్తుందో మొత్తం నోటికి వచ్చునట.

హోటల్ భోజనం వద్దని, సామాన్యులు తినే చోటే తింటానని మంత్రిగారు పట్టుబట్టారు. ఆ నిరాడంబరత చూసి కృష్ణమూర్తి కళ్ళు చెమర్చాయి. మా ఇంటి దగ్గర చవక తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. సరిగ్గా ఆఫీసులవాళ్ళు వచ్చే వేళ. ఎక్కడా ఖాళీ లేదు. ఒక్క బల్ల మాత్రం ఖాళీగా ఉంది. మంత్రిగారు సింహాసనానికి నడిచినట్టు దాని దగ్గరికి నడిచారు.

"అంకుల్, కెనాట్ సిట్ దేర్ లా!" అని అరిచింది ప్రణవి.

మంత్రిగారు సగం వంగి ఆగిపోయారు. "ఎందుకని? ఎవరూ లేరుగా?"

"టిష్యూ ప్యాకెట్ ఉంది బాబూ," అన్నాను నేను.

బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్ ఉంది. మంత్రిగారు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఉంటే?"

"దాన్ని ఇక్కడ చోప్ చెయ్యడం అంటారు. ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్తారు. వచ్చేదాకా ఆ బల్ల వాళ్ళదే."

"కాపలా ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు."

"రశీదు?"

"లేదు."

"అడ్డమొచ్చిన వాళ్ళ మీద కేసు?"

"ఎవరూ అడ్డం రారు బాబూ. ప్యాకెట్ చూసి పక్కకి పోతారు."

"ప్యాకెట్ తీసి పారేసి కూర్చుంటే?"

"అలా ఇక్కడ ఎవరూ చెయ్యరు."

మంత్రిగారు వెంకటసుబ్బయ్య గారి వైపు చూశారు. వెంకటసుబ్బయ్య గారు ప్యాకెట్ వైపు చూశారు. ఉదయ్‌కిరణ్ ప్యాకెట్‌ని మూడువైపుల నుంచీ ఫోటో తీశాడు.

"ఎంత నాగరికతయ్యా!" అన్నారు మంత్రిగారు మెల్లగా. "మనమేమో సర్వే అంటాం. గ్రామసభ అంటాం. అభ్యంతరాలు అంటాం. ఎన్నేళ్ళు వృథా చేసుకున్నాం!"

కాసేపటికి ఇంకో బల్ల ఖాళీ అయితే అక్కడ కూర్చున్నాం. నా సంచిలో టిష్యూ ప్యాకెట్లు ఎప్పుడూ ఉంటాయి. జ్ఞాపకంగా ఒకటి ఇవ్వమని ఆయనే నోరు తెరిచి అడిగితే ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని చొక్కా జేబులో, గుండెకి ఆనేటట్టు పెట్టుకున్నారు. పెద్ద మనసు. ఇదే అదను అనుకుని, "బాబూ, మా నీలమడుగు పడమటి కొండ..." అని మొదలుపెట్టాను.

"అమ్మా, అన్నం దగ్గర రాజకీయాలు మాట్లాడకూడదు," అన్నారాయన ప్రేమగా. అంతలో ఎవరో ఫోన్ చేస్తే, అన్నం పూర్తయ్యేదాకా పక్క నియోజకవర్గంలో టికెట్ ఎవరికివ్వాలో మాట్లాడారు.

మర్నాడు పొద్దున క్షేత్ర పరిశీలన. మా ఇంటికి దగ్గర్లో చెట్ల మధ్య పాత రాతి క్వారీ ఒకటుంది. మూడు పక్కలా నిట్టనిలువు రాతిగోడ, మధ్యలో పచ్చని నీళ్ళు. ఎంత చూసినా చూడాలనిపిస్తుంది. అక్కడ మాకు దారి చూపించడానికి శర్మిల వచ్చింది. పార్కుకి వచ్చినవాళ్ళకి చెట్లూ పిట్టలూ చూపించే వాలంటీరు. పక్కనే మలేషియాలోని జొహోర్‌లో పుట్టి, ఉద్యోగానికి ఇటు వచ్చిన పిల్ల. వాళ్ళ ముత్తాతలు మా వైపు నుంచే ఓడెక్కి మలయా రబ్బరుతోటలకి వెళ్ళారు. అందుకే ఆ పిల్ల నోరు విప్పితే నాకు మా అప్పయ్యే మాట్లాడుతున్నట్టుంటుంది, మధ్యమధ్యలో లా అని పలికినా.

"లోతెంతమ్మా?" అడిగారు మంత్రిగారు.

"శానా లోతండి అంకుల్. అందుకే ఎవులినీ దిగనియ్యరు. ఆ రాతి మీద డేగలు వాల్తాయి. ఈ ఒడ్డున నీటికోళ్ళు పిల్లల్ని పెడతాయి. ఇప్పుడు దీన్ని దాని మానాన వదిలేసినారు. అదే కన్సర్వేషన్ లా."

"వదిలెయ్యడమా?" మంత్రిగారు నొచ్చుకున్నారు. "మరి దానికి టెండరు ఎలా పిలుస్తారు?"

అంతలో దారి మీదికి ఒక పెద్ద ఉడుము వచ్చి, మా ముందునుంచే తీరిగ్గా నడుచుకుంటూ పోయింది. మంత్రిగారు దానికి దారిచ్చి నిలబడ్డారు.

"చూశావా వెంకటసుబ్బయ్యా, ఉడుము కూడా ఫుట్‌పాత్ మీదే నడుస్తోంది. మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?"

"మా మడుగు గట్టున బోలెడు బాబూ," అన్నాను. "నీటికుక్కలు కూడా ఉన్నాయి. అప్పయ్య వలలు కొరికి పోగులు పెడతాయి."

"అవి లోకల్ అమ్మా. వాటికి ట్రైనింగ్ లేదు," అన్నారు మంత్రిగారు.

వెంకటసుబ్బయ్య గారు ఇవేమీ వినడం లేదు. కంచె దగ్గర నిలబడి ఎదురుగా ఉన్న రాతిగోడనే చూస్తున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూసి ఉండరు.

"గోడ ఇంత నున్నగా ఎలా వచ్చిందమ్మా?" అని అడిగారు.

"ఇది దేవుడు సేసింది కాదండి అంకుల్, మనుసులు తవ్విందే," అంది శర్మిల. "మునుపు ఇక్కడ కొండుండేది. రోడ్లకీ ఇళ్ళకీ గ్రానైట్ కావాలని పేల్చి పట్టుకుపోనారు. గొయ్యి మిగిలింది. శానా ఏళ్ళు వాన పడింది. నిండింది."

మంత్రిగారి నడక ఆగింది.

"అంటే ముందు కొండ తవ్వారు."

"ఆఁ."

"తర్వాత సరస్సు వచ్చింది."

"ఆఁ. అయితే..."

"తవ్వకపోతే ఇంత అందం ఉండేది కాదు."

"అలాగ కాదండి అంకుల్. వాళ్ళకి ముందు సరస్సు లేదు కదండి..."

"ఉదయ్, రాసుకో," అన్నారు మంత్రిగారు. "ఫస్ట్ క్వారీ. నెక్స్ట్ సరస్సు. ఇదీ సైంటిఫిక్ ఆర్డర్. మనకి ఆర్డర్ తప్పింది."

నా పని నేను చెయ్యాలి కదా. ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "బాబూ, మా మడుగు నిండుగానే ఉంది. దాన్ని ఎవరూ తవ్వక్కర్లేదు."

మంత్రిగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "అదేనమ్మా నా బాధ. వీళ్ళు సున్నా నుంచి మొదలుపెట్టి ఇంత సాధించారు. మనకి ఆ అవకాశం ప్రకృతి ఇవ్వలేదు."

వెనక్కి వస్తుంటే శర్మిల నా చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, నాను ఏటైనా తప్పు సెప్పినానా?"

"లేదు తల్లీ, నువ్వు బాగానే చెప్పావు. ఆయన ఇంకా బాగా విన్నారు," అన్నాను.

సాయంత్రం సెరంగూన్‌లో హాలు తీసుకుని సన్మానసభ పెట్టారు. ముందు సంఘం మంత్రిగారికి శాలువా కప్పింది. తర్వాత మంత్రిగారు సంఘం పెద్దలకి కప్పారు. తర్వాత సంఘం పీఏకి, పీఏ సంఘం కోశాధికారికి. శాలువాలు తక్కువపడితే, ముందు కప్పించుకున్నవాళ్ళు వేదిక దిగగానే వెనక నుంచి మడతపెట్టి పంపారు. నా వంతుకి వచ్చింది మంత్రిగారికి మొదట కప్పిందే. ఇంకా ఆయన అత్తరు వాసన వేస్తూనే ఉంది. అంత అదృష్టం ఎంతమందికి వస్తుంది?

నన్ను నీలమడుగు ముద్దుబిడ్డ అని పిలిచి మైకు ఇచ్చారు. నాకు ఉపన్యాసాలు చేతకావు. మీకు ఇందాక చెప్పినట్టే చెప్పాను. ఊటలు, చల్లని కింది నీళ్ళు, ఒత్తిగిల్లే పూట, అమ్మ పొత్రం, అడుగు చూసిన మనిషి లేకపోవడం. జనం పొత్రం దగ్గర నవ్వారు. చివర మంత్రిగారి వైపు తిరిగి చేతులు జోడించాను.

"బాబూ, పడమటి కొండ కిందే ఊట. కొండ జోలికి ఎవరూ వెళ్ళకుండా చూడండి. మా ఊరికి తాగడానికి అవే నీళ్ళు. ఇంకేమీ అడగను."

మంత్రిగారు లేచి, నా చేతిలోంచి మైకు తీసుకుని, కళ్ళు తుడుచుకున్నారు. నేనిచ్చిన ప్యాకెట్ మాత్రం విప్పలేదు. ఉత్తరీయంతోనే తుడుచుకున్నారు.

"అమ్మ కోరింది. ఈ బిడ్డ ఇస్తున్నాడు," అన్నారు. "ఇక కొండ జోలికి ఎవరూ వెళ్ళరు! రేపటినుంచి ఆ గట్టు మీద ఎవరికీ ప్రవేశం ఉండదు!"

చప్పట్లు.

"అడుగు ఎవరూ చూడలేదని అమ్మ బాధపడింది. ఇన్ని ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి. నీలమడుగు అడుగున ఏముందో ప్రజలకి చెప్పిన మొనగాడున్నాడా? మాది పారదర్శక ప్రభుత్వం. అడుగు చూపిస్తాం!"

చప్పట్లు ఇంకా పెద్దగా. కృష్ణమూర్తి లేచి నిలబడి కొట్టాడు. అందరూ కొడుతుంటే నేనూ కొట్టాను.

"బాధపడ్డానని నేనెప్పుడన్నానే?" అని ప్రణవిని అడిగాను.

"నానమ్మా, యూ డిడ్‌న్ట్," అంది అది.

ఆ తర్వాత మా దేశపు పేపర్లలో నీలమడుగు పేరు రాని రోజు లేదు. 'నీలమడుగుకి సింగపూర్ నమూనా' అని రాశారు. క్వారీ ముందు మంత్రిగారు చెయ్యి చాపి నిలబడ్డ ఫోటో వేశారు. చెయ్యి చాపిన వైపు ఏమీ లేదు, ఉడుము వెళ్ళిపోయిన తర్వాత తీశారు.

కొన్నాళ్ళకి అప్పయ్య నుంచి కాల్ వచ్చింది. వాడి వెనక గట్టు కనిపిస్తోంది.

"అక్కా, ఇదిగో ఇది ఏటో సెప్పు."

ఫోన్ తిప్పి చూపించాడు. మేం చిన్నప్పుడు బట్టలుతికిన బండ మీద, చిన్న గులకరాయి బరువు కింద, ఒక టిష్యూ ప్యాకెట్. పడవలు కట్టే గుంజల దగ్గర ఇంకొకటి. పడమటి కొండ మీదికి పోయే దారిలో, కనిపించినంత మేరా, రాయి రాయికీ ఒకటి. మీద మంత్రిగారి బొమ్మ కూడా అచ్చువేయించారు. నవ్వుతూ ఉన్నారు.

"అది పెడితే ఆ చోటు పెట్టినవాళ్ళదిరా," అన్నాను.

"ఎవులు పెట్టినారు?"

"తెలీదు."

"మరి ఎప్పుడు తీత్తారు?"

"తిని వెళ్ళాక తీస్తారు."

అప్పయ్య ముక్కు ఎగబీల్చాడు. తర్వాత, "నిన్న వాన్లో తడిసి పడిశం పట్టిందక్కా. అక్కడ కాయితాలున్నాయి కదాని ఒకటి తీసి ముక్కు సీదినాను. ప్రభుత్వ హద్దు సెరిపినానని కేసెట్టినారు," అన్నాడు.

కేసు పెట్టడం నాకు ఆశ్చర్యం అనిపించింది. ఇక్కడైతే కేసులుండవు. మన వాళ్ళు నమూనాని ఇంకా మెరుగుపరిచారు.

ఆ తర్వాత పనులు చురుగ్గా సాగాయి. ఊరి వాళ్ళు మడుగు దగ్గరికి వెళ్ళకుండా కంచె వేసి, తాగడానికి ట్యాంకర్లు పెట్టారు. ట్యాంకర్ వచ్చిన రోజు అప్పయ్య కాల్ చేసేవాడు. అందుకని కాల్స్ తగ్గాయి. కొండని పేల్చిన చప్పుడు ఒకసారి ఫోన్‌లోనే విన్నాను. నీటికుక్కలు తమ పిల్లల్ని నోట కరుచుకుని రోడ్డు దాటి ఎటో పోయాయట. రాతిపొడి పడి నీళ్ళు పాలలా తెల్లబడితే, పేపర్లో 'క్షీరసాగరంలా నీలమడుగు' అని రంగుల్లో ఫోటో వేశారు. రాళ్ళ లారీలు దిగడానికి అడ్డంగా ఉన్నాయని మోటార్లు పెట్టి ఆ నీళ్ళు తోడారు. తోడినవి ఊట మళ్ళీ నింపుతుందని మా వాళ్ళు ఎదురుచూశారు. ఊట పడమటి కొండ కింద ఉండేది.

ఒక వేసవి పోయి ఇంకో వేసవి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే అప్పయ్య కాల్ చేశాడు. ఫోన్ నేల వైపు తిప్పాడు. నెర్రెలు విచ్చిన బురద. అందులో ఏదో నల్లగా, గుండ్రంగా, సగం కూరుకుని ఉంది. మొదట నాకు తెలియలేదు.

"అమ్మ పొత్రమక్కా," అన్నాడు.

దాని నడుముకి తాడు కోసం నాన్న కొట్టిన గాడి అలాగే ఉంది. మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు. అడుగు చూపిస్తామన్నారు, చూపించారు.

"ఇంటికి తీసుకెళ్ళరా దాన్ని," అన్నాను.

"ఎలాగక్కా? దాని మీద కూడా ప్యాకెట్ ఉంది," అన్నాడు.

ఇది జరిగిన వారానికి కృష్ణమూర్తి మళ్ళీ పొయ్యి పక్కకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోన్.

"'సరస్సుల సంరక్షణ శాఖామాత్యులు శ్రీ సీతారామారావు గారు, రాయి తీసేసిన ఖాళీ క్వారీలను అందమైన సరస్సులుగా ఎలా మార్చాలో స్వయంగా అధ్యయనం చేయడానికి రెండోసారి సింగపూర్ విచ్చేస్తున్నారు.' అమ్మా, మనిద్దరం రిసెప్షన్ కమిటీ."

"నేనెందుకురా?"

వాడు చదవడం ఆపాడు. "నువ్వు నీలమడుగులో పుట్టావు కదా," అన్నాడు, ఈసారి కొంచెం మెల్లగా.

నేను దోసె తిరగేశాను.

సభ మళ్ళీ అదే హాల్లో. పెందరాళే వెళ్ళాం. శర్మిల కూడా వచ్చింది, క్వారీలో నీళ్ళు ఎలా నిండాయో మళ్ళీ చెప్పాలని పిలిచారట. వెనక వరసలో తల వంచుకుని కూర్చుంది. వేదిక ముందు, మొదటి వరసలో, మధ్యన పెద్ద మఖ్మల్ కుర్చీ వేశారు. దాని మీద పేరు చీటీ అంటించబోతే ఉదయ్‌కిరణ్ వద్దన్నాడు. జేబులోంచి మంత్రిగారి బొమ్మ ఉన్న టిష్యూ ప్యాకెట్ తీసి, పూజలో పువ్వు పెట్టినంత జాగ్రత్తగా కుర్చీ మధ్యలో పెట్టి వెళ్ళాడు. ఇంక దాని దగ్గరికి ఎవరూ రాలేదు. సంఘం అధ్యక్షులు సైతం పక్కనుంచి తప్పుకుని నడిచారు.

బయట కార్లు ఆగిన చప్పుడయింది. తలుపు దగ్గర మేళం ఎత్తుకుంది. అందరూ దండలతో అటు పరిగెత్తారు.

నేను వెళ్ళి ప్యాకెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను. మెత్తగా ఉంది.

కృష్ణమూర్తి తలుపు దగ్గర నుంచి చూసి, దండ చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా! అది మంత్రిగారి సీటు. ప్యాకెట్ ఉంది, కనపడలేదా?"

"కనపడిందిరా."

"లే అమ్మా, వచ్చేస్తున్నారు, దండం పెడతాను..."

ప్యాకెట్ చింపాను. ఒకటి తీసి, మేళం మధ్యలో కూడా వినపడేటట్టు ముక్కు చీదాను. దండలు మోసుకుంటూ అందరూ లోపలికి వస్తున్నారు. ముందు మంత్రిగారు నవ్వుతూ, రెండు చేతులూ జోడించి, కుర్చీ వైపే.

కృష్ణమూర్తి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "జలుబు చేసిందా అమ్మా?"

"లేదు," అని రెండోది తీశాను.